గ్యాస్ అని వచ్చిన అక్క: ఒక హక్కుల కార్యకర్త కేసు

2023 సంక్రాంతి వెళ్లిన వారం. మా క్లినిక్ విశాఖ ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తులో ఉంటుంది, లిఫ్ట్ లేదు. ఆవిడ మెట్లెక్కి వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "నాది మెంటల్ కేసు కాదు మేడమ్, గ్యాస్. డాక్టరు గారు ఒకసారి మిమ్మల్ని కలవమన్నారని వచ్చాను" అన్నారు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. అందులో గుండె పరీక్షలు, మూడు ఈసీజీలు, ఒక టూడీ ఎకో, ఒక టీఎంటీ, అన్నీ నార్మల్. రెండేళ్లలో ముగ్గురు డాక్టర్లు రాసిన పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్రల చీటీలు. గుండె పట్టేసినట్టుండటం, ఊపిరి సగంలో ఆగిపోయినట్టుండటం, రాత్రి సరిగ్గా మూడింటికి మెలకువ వచ్చి తెల్లారేదాకా మళ్లీ నిద్ర పట్టకపోవడం, అన్నీ గ్యాస్ ఖాతాలోనే పడ్డాయి. మన ఊళ్లో ఆ మాటకి 2020 తర్వాత ఇంకో అర్థం కూడా ఉందని ఆ ముగ్గురికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే మొదటి అరగంట నాకూ తట్టలేదు.

వయసు 46. పందొమ్మిదేళ్లుగా ఒక హక్కుల సంఘంలో పని. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే వెళ్లి వాంగ్మూలాలు తీసుకోవడం, ఏజెన్సీలో రోడ్డు లేక డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే పోయిన గర్భిణుల వివరాలు రాసుకోవడం, స్టేషన్లో దెబ్బలు తిన్నవాళ్ల తరఫున మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు పెట్టడం. జీతం లేదు. భర్తది ఆటో స్పేర్ పార్ట్స్ షాపు, ఇల్లు గడిచేది దాని మీదే. సంఘంలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడ నేనూ అక్క అనే రాస్తాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను, రెండు చోట్ల కొట్టేయమన్నారు, కొట్టేశాను.

అసలు సంగతి భర్త చెప్పారు. పండక్కి ఇంటికి రంగులు వేయిస్తున్నారట. పెయింటర్ డబ్బా మూత తీసి థిన్నర్ కలపగానే అక్క కాళ్లకి చెప్పులు కూడా లేకుండా బయటికి నడిచేశారు. ఫోన్ ఎత్తలేదు. రాత్రంతా వెతికితే తెల్లవారుజామున ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సులాగే చోట బెంచీ మీద కనిపించారు. ఎందుకొచ్చావంటే, "ఇక్కడ గాలాడుతోంది" అన్నారంతే. 2020 మే 7 తెల్లవారుజామున మూడు ప్రాంతంలో ఆర్‌ఆర్ వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీదికొచ్చి 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్ రోజులు. అక్క తెల్లారేసరికి గోపాలపట్నం వైపు, మధ్యాహ్నానికి కేజీహెచ్ పెద్దాస్పత్రి దగ్గర ఉన్నారు. స్టైరీన్ వాసన కొంచెం తియ్యగా ఉంటుంది. కొత్త ప్లాస్టిక్ కుర్చీ, థిన్నర్, ఎండలో పెట్టిన థర్మోకోల్, దేన్ని చూసినా ఆమెకు ముక్కు ముందు పసిగట్టేది, తర్వాత గుండె అందుకునేది. మూడింటి మెలకువ సంగతి ఇక వేరే చెప్పక్కర్లేదు.

పరీక్షలు. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 14, అంటే మధ్యస్థాయి డిప్రెషన్. పీసీఎల్-5లో 80కి 47. ఈ స్కేలు మీద 31-33 దాటితే పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం (ట్రామా) తర్వాత వెంటాడే జబ్బు, ఉందేమోనని గట్టిగా చూడాలి. ప్రశ్నలు నేనే తెలుగులో చదువుతుంటే, మనసు మొద్దుబారినట్టు ఉంటోందా అని అడిగిన దగ్గర ఆపి, "మొద్దులా కాదు మేడమ్, వర్షంలో నానిన అట్టపెట్టెలా. చూడ్డానికి పెట్టెలాగే ఉంటది, ఎత్తితే అడుగు ఊడిపోద్ది" అని సరిచేశారు. ఆ మాట స్కోరు కన్నా ఎక్కువ చెప్పింది. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడిగాను, అడగకపోతే ఎవరూ చెప్పరు. పడుకున్నది లేవకపోతే బాగుండునని అప్పుడప్పుడు అనిపిస్తుందన్నారు, ప్రయత్నం గానీ పథకం గానీ లేదు. భర్తను కూర్చోబెట్టి మాట్లాడి, ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఎవరికి ఫోన్ చేయాలి, టెలీమానస్ 14416 నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి ఇచ్చాను.

రక్తపరీక్ష కూడా చేయించాను. హిమోగ్లోబిన్ 9.1, రక్తం తక్కువ. నెలసరి గందరగోళంగా ఉంది, రోజుకి ఆరేడు టీలు, అన్నం ఒక పూట. మెట్లెక్కితే వచ్చే ఆయాసంలో కొంత దీనిది కూడా. ట్రామా కథ బలంగా ఉన్నప్పుడు మా వాళ్లం ఇలాంటివి వదిలేస్తుంటాం.

ఇక్కడ ఒక చిక్కుంది, హక్కుల పనిలో ఉన్నవాళ్ల దగ్గర తప్పకుండా ఎదురయ్యేది. "నా ఫోన్ వింటున్నారు, వీధి చివర ఒకతను బండి మీద కూర్చుంటున్నాడు" అని అక్క అన్నారు. పాఠ్యపుస్తకం ప్రకారమైతే అనుమానపు లక్షణం కింద టిక్కు పెట్టేస్తాం. భర్తను విడిగా అడిగితే గత ఏడాదిలో రెండుసార్లు మఫ్టీలో మనుషులొచ్చి ఆవిడ ఎక్కడికి వెళ్తోందని పక్కింటివాళ్లను వాకబు చేశారని చెప్పారు. అంటే అందులో కొంత నిజం. మరి బండి మీద మనిషి? ఆయన స్విగ్గీ కుర్రాడని భర్త నవ్వాడు. నిజమైన భయానికి రెక్కలొచ్చి ఎక్కడిదాకా ఎగిరిందో కొలవడమే నా పని, మొత్తం భయాన్ని జబ్బు కింద కొట్టేయడం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 3 ఈ విషయంలో స్పష్టంగా ఉంది: మనిషి రాజకీయ, సామాజిక స్థితిని బట్టి గానీ, చుట్టూ ఉన్న సమాజపు విలువలకు ఒదగడం లేదన్న కారణంతో గానీ మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు.

ఆవిడ కూడా నన్ను పరీక్ష పెట్టారు. "మీరు రాసుకునేది ఎవరైనా అడిగితే ఇచ్చేస్తారా?" అదే చట్టం సెక్షన్ 23 గోప్యతకు హక్కు ఇస్తుంది, కానీ కోర్టు ఆదేశం, ప్రాణాపాయం లాంటి మినహాయింపులు ఉన్నాయి. ఆ మినహాయింపులు దాచకుండా చెప్పాను. నా నోట్స్‌లో ఆవిడ గురించి తప్ప మూడో మనిషి పేరు గానీ, ఊరి పేరు గానీ రాయనని మాటిచ్చాను. ఆ రోజు తర్వాతే గ్యాస్ అనే మాట తగ్గింది.

ఇక నా తప్పు. పందొమ్మిదేళ్లు సెలవు లేకుండా చేసింది, అలిసిపోయింది, మనిషి మండి బూడిదైపోయింది అనుకున్నాను. బర్నవుట్ అనే మాట పుట్టిందే ఇలాంటి వాళ్లను చూసి: 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ న్యూయార్క్‌లో ఉచిత క్లినిక్ వాలంటీర్లను గమనించి రాశాడు. కాబట్టి ఆరు వారాలు పనికి పూర్తిగా దూరం, ఫోన్ ఆఫ్, బొబ్బిలి దగ్గర అమ్మగారి ఊరికి వెళ్లి ఉండమన్నాను. సలహా ఇస్తున్నప్పుడు నాకు చాలా సంతృప్తిగా కూడా ఉంది.

మూడో వారానికే వచ్చేశారు. పీహెచ్‌క్యూ 14 నుంచి 19కి ఎక్కింది. "అక్కడ పొద్దున్నే పళ్లు తోముకుని కూర్చుంటే ఏ పనీ లేదు మేడమ్. పని ఉన్నప్పుడు ఒక్కొక్కరే వచ్చేవాళ్లు, అక్కడ అందరూ ఒకేసారి వచ్చేశారు." వచ్చేవాళ్లంటే చనిపోయినవాళ్లు. పైగా ఆ మధ్యలో ఒక ఫ్యాక్టరీలో ప్రమాదం, టీవీలో చూశారు, ఆ ఇంటివాళ్లు ఈవిడ నంబరుకే చేసి ఉంటారని, స్విచాఫ్ వచ్చి ఉంటుందని మూడు రాత్రులు కూర్చున్నారు.

అప్పుడు చేయాల్సిన పని చేశాను, మొదట్లోనే చేసి ఉండాల్సింది. ప్రోక్వాల్ అని ముప్ఫై ప్రశ్నల స్కేలుంది, ఇతరుల బాధతో పనిచేసేవాళ్ల కోసం. అందులో పని వల్ల కలిగే తృప్తి బాగా ఎక్కువ వచ్చింది, బర్నవుట్ ఓ మోస్తరు, ఇతరుల ట్రామా అంటుకోవడం మాత్రం చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 బర్నవుట్‌ని జబ్బుగా లెక్కించదు, వృత్తికి సంబంధించిన స్థితి అంటుంది, దానికి సెలవు కొంత పనిచేస్తుంది. అక్కది పీటీఎస్‌డీ, దాని మీద డిప్రెషన్. అమెరికా సైకియాట్రిస్టుల మానసిక జబ్బుల పుస్తకం డీఎస్‌ఎం-5లో ఈ మాట ఉంది కూడా, వృత్తిరీత్యా భయంకరమైన వివరాలకు పదేపదే గురికావడం కూడా కారణం కింద లెక్కే అని. 2015లో ప్లాస్ వన్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 346 మంది హక్కుల కార్యకర్తలను అడిగితే సుమారు 19 శాతం మందిలో పీటీఎస్‌డీ లక్షణాలు తేలాయి, తమ పని గురించి తామే తక్కువగా అంచనా వేసుకునేవాళ్లలో బాధ ఎక్కువగా ఉంది. ఇది చదివి కూడా సెలవు రాసిచ్చానంటే ఇంకేం చెప్పను.

"మీ పని నాకు చూపించండి, ఒక్క కేసు ఫైలు తీసుకురండి" అన్నాను. తెచ్చారు. ఈ కేసులో నాకు తెలిసిన అసలు విషయం ఆ ఫైల్లోనే ఉంది.

ఒక కుర్రాడి తల్లి చెప్పిన వాంగ్మూలం. నోట్‌బుక్‌లో అక్క ఆమె మాటల్లోనే రాసుకున్నారు: "రేత్రి డూటీకి ఎల్లొద్దురా గుంటడా అన్నానమ్మా, ఇన్లేదు." అదే రాత్రి ఇంట్లో ఫెయిర్ కాపీ, మళ్లీ చేత్తో. మర్నాడు టైపు: "మృతుడు సదరు రాత్రి షిఫ్టునకు హాజరైనాడు." ఆ తర్వాత కమిషన్ కోసం ఇంగ్లిష్‌లో. నాలుగుసార్లు. ప్రెస్‌మీట్ ఉంటే ఐదు. ఆ తల్లి ఒక్కసారి చెప్పిన మాటను ఈవిడ వారంలో నాలుగుసార్లు నోట్లో, వేళ్లలో తిప్పుకుంటారు, ప్రతిసారీ అందులోంచి ఏడుపు తీసేసి చట్టానికి పనికొచ్చే వాక్యం చేయాలి. తీసేసిన ఏడుపు ఎక్కడికి పోతుంది? ఇలా ఏడాదికి ఎన్ని అని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి మధ్యలో ఆపేశారు. టైపింగ్ ఎందుకు ఇంకొకరికి ఇవ్వరంటే, "తప్పులు పోతే కేసు పోద్ది మేడమ్" అన్నారు.

మందుల కోసం ఒక సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. వాల్తేరు పంపిస్తున్నారా అని అడిగారు, మన ఊళ్లో వాల్తేరు అంటే మెంటల్ హాస్పిటల్ అనే అర్థం కదా, మానవ హక్కుల కార్యకర్తకి కూడా ఆ జంకు ఉంటుంది. డిప్రెషన్‌కీ పీటీఎస్‌డీకీ వాడే సెర్ట్రలిన్ మాత్ర 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వంద దాకా వెళ్లారు, మొదటి వారం వాంతి వచ్చినట్టుంటే వదిలేస్తానన్నారు, వదల్లేదు. ఐరన్ మాత్ర నిమ్మరసంతో, దానికి అటూఇటూ గంట టీ లేకుండా. ఈ టీ దగ్గర మా మధ్య జరిగినంత గొడవ ట్రామా దగ్గర కూడా జరగలేదు.

నిద్రకి వేరే పద్ధతి. పన్నెండుకి ముందు మంచం ఎక్కకూడదు, ఐదున్నరకి లేవాలి, మూడింటికి మెలకువొస్తే ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి హాల్లోకి వెళ్లాలి. కానీ లేచి చేసేదేమిటంటే ఫోన్‌లో గ్రూపులు చూడటం, అందులో శవాల ఫొటోలు. ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టమంటే, "రాత్రి ఎవర్నయినా పట్టుకుపోతే?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. జవాబు ఆవిడే కనిపెట్టారు, అది తర్వాత చెప్తాను.

ఏడో సిట్టింగ్ నుంచి జ్ఞాపకంలోకి వెళ్లాం. నేను వెంకటాపురం వాసన దగ్గర మొదలవుతుందనుకున్నాను. కళ్లు మూసుకుని ఆమె వెళ్లింది వేరే చోటికి, ఇంకేదో ప్రమాదం, మార్చురీ బయట గోడ పక్కన. ఒక తల్లి ఒళ్లో కొడుకు వస్తువులున్న కవరు. అక్క పక్కనే చతికిలబడి మస్టర్ (హాజరు పట్టీ) నంబరూ, షిఫ్టు టైమూ రాసుకుంటున్నారు. కవర్లో ఫోన్ మోగింది. ఏదో సినిమా పాట రింగ్‌టోన్. ఆ తల్లి అక్క భుజం తట్టి, "అమ్మా, మావోడి ఫోను మోగతంది. తియ్యమంటావా?" అని అడిగింది.

"నేను ఒక్క నిమిషం అమ్మా అన్నాను" అని చెప్పి అక్క ఆగిపోయారు. రాస్తున్న లైను పూర్తయ్యేలోపు రింగు ఆగిపోయింది. ఆ తల్లి మళ్లీ అడగలేదు.

ఆరేళ్లుగా ఎవరికీ చెప్పలేదట. భర్తకి కూడా. తన ఫోన్ ఎప్పుడూ సైలెంట్‌లో ఎందుకుంటుందో, ఎదుటివాళ్ల ఫోన్ మోగితే ఎందుకు లేచి వెళ్లిపోతారో అప్పుడర్థమైంది. ఆ సీను పది పన్నెండుసార్లు మళ్లీ మళ్లీ చెప్పించాను, వర్తమానంలో, "మోగుతోంది, నేను రాస్తున్నాను" అని. రికార్డు చేసి ఇంట్లో వినమన్నాను. మొదటిసారి భయం వందకి 95 అన్నారు, నాలుగో వారానికి 50, ఆ తర్వాత 35 దగ్గర ఆగిపోయింది. అప్పుడేం రాస్తున్నారని అడిగితే, మస్టర్ నంబరు, ఆ నంబరు వల్లే వాడు కంపెనీ గేటు లోపలే చనిపోయాడని తేలిందని, పరిహారం వచ్చిందని ఆమే చెప్పారు. ఇక్కడ మా పుస్తకాల ప్రకారం ఆమె ముఖం తేటపడాలి. పడలేదు. "అది నిజమే మేడమ్. అయినా ఆ నిమిషం ఆగి ఉండాల్సింది" అన్నారు. నేను వాదించలేదు. అది జబ్బు మాట కాదనిపించింది, మనిషి మాట.

జ్ఞాపకం సంగతి అలా ఉంచితే, పని మారకుండా ఇదంతా బకెట్టుకు చిల్లు ఉంచుకుని నీళ్లు పోయడమే. ఆవిడ ఒప్పుకుంటేనే వాళ్ల సంఘం మీటింగ్‌కి వెళ్లాను. జగదాంబ దగ్గర ఒక అద్దె గది, తొమ్మిది మంది, ఎక్కువమంది యాభై దాటినవాళ్లు. మంచివాళ్లు. నేను నిద్ర గురించి మాట్లాడుతుంటే ఒక పెద్దాయన, "బాధితుల బాధ కన్నా మన బాధ పెద్దదా అమ్మా? బాలగోపాల్ గారు ఎప్పుడైనా విశ్రాంతి తీసుకున్నారా?" అన్నారు. మూలన కూర్చున్న లాయరమ్మాయి తల ఎత్తకుండానే, "ఆయన 57 ఏళ్లకే పోయారు బాబాయ్" అంది. హక్కుల ఉద్యమ నాయకుడు బాలగోపాల్ పోయింది 2009 అక్టోబరులో. ఆ మాటలో వైద్యం ఏమీ లేదు, కానీ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరూ బయటపెట్టారు. ఒకాయనకి బీపీ మాత్రలు రెండు నుంచి నాలుగయ్యాయి, ఇంకొకాయన రాత్రి మందు లేకుండా పడుకోలేకపోతున్నారు, లాయరమ్మాయికి కోర్టులో ఫొటోలు చూపించే రోజు ఉదయం విరేచనాలు.

వాళ్లు చేసుకున్న మార్పులు చాలా చిన్నవి. వాంగ్మూలం తీసుకున్న మనిషి టైపు చేయకూడదు, ఇంగ్లిష్‌లోకి మార్చేది మూడో మనిషి. అక్క ఆఖర్న ఒక్కసారి సరిచూస్తే చాలు. శవాల ఫొటోలు గ్రూపుల్లో పెట్టకూడదు, ఒకే కంప్యూటర్లో, చిన్న సైజులో, నలుపు తెలుపులో ఉంటాయి, అవసరమైనవాళ్లే తెరుస్తారు. ఏజెన్సీకి ఒంటరిగా వెళ్లకూడదు. పాడేరు నుంచి దిగేటప్పుడు మాడుగులలో బండి ఆపి అరగంట కూర్చోవాలి, కేసు తప్ప ఏదైనా మాట్లాడుకోవచ్చు. హల్వా కొనడం రూలు కాదు కానీ రూలైపోయింది. రాత్రి అరెస్టుల కోసం ఒక బటన్ల డబ్బా ఫోన్ కొన్నారు, ఆ నంబరు అందరికీ ఇచ్చారు, వారానికొకరి దగ్గర ఉంటుంది. అక్క కనిపెట్టిన జవాబు ఇదే. తన వారం కానప్పుడు ఆవిడ సొంత ఫోన్ ఫ్రిజ్ మీద. మొదటి రెండు నెలలు పెద్దాయన తన వంతు వచ్చినప్పుడల్లా చార్జింగ్ నిలబడట్లేదని వంక పెట్టి వేరేవాళ్లకి ఇచ్చేసేవారు.

పద్దెనిమిది సిట్టింగులు, ఎనిమిది నెలలు. 2023 చివరికి పీహెచ్‌క్యూ 6, పీసీఎల్-5లో 24, హిమోగ్లోబిన్ 11.4. మూడింటి మెలకువ వారానికి ఒకటి రెండుసార్లు. అమ్మగారి ఊరి నుంచి వచ్చేశాక ఒక్క రోజు కూడా పని మానలేదు. ఇందులో మందు వాటా ఎంత, జ్ఞాపకం మీద చేసిన పని వాటా ఎంత, టైపింగ్ మార్పు వాటా ఎంత అని విడదీయలేను. నా అంచనా మాత్రం మూడోదానికే ఎక్కువ ఇస్తుంది.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు, 17 మంది చనిపోయారు. ఆ వారం వంతు అక్కది కాదు. వెళ్లారు. రెండు వారాల తర్వాత పీసీఎల్-5 మళ్లీ 33, నిద్ర చెడింది, టీ మొదలైంది. నాలుగు సిట్టింగులు అదనంగా పెట్టాం, సెర్ట్రలిన్ తగ్గించాలన్న ఆలోచన సైకియాట్రిస్టు వాయిదా వేశారు. ఎందుకు వెళ్లారని అడగలేదు. టైపింగ్ ఎవరు చేశారని అడిగాను. "నేను చెయ్యలేదు. నోట్‌బుక్ రాత్రికే ఇచ్చేశాను, ఇచ్చాక చేతులు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలీక కూరగాయలు తరిగాను" అన్నారు. పది రోజులకి తిరిగి 28కి వచ్చింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తారు. ఫోన్ సైలెంట్‌లో లేదు, మా గదిలో మోగితే చూసి కట్ చేస్తారు. థిన్నర్ వాసన మాత్రం ఇప్పటికీ పడదు. దాని మీద కూడా పని చేద్దామన్నాను, వద్దన్నారు, అన్నీ బాగుచేసుకుని ఏం చేస్తాను మేడమ్ అని. మొన్న కూతురి పెళ్లికి ఇంటికి పెయింట్ వేయించలేదు, సున్నం కొట్టించారు.